చార్టులో లేని నాలుగున్నర గంటలు

నరసరావుపేట,
14 ఆగస్టు 2024.

డాక్టర్ నెహెమ్యా గారికి,
ఖాజా మొహిద్దీన్ సలాం.

జూలై మూడో తేదీ బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు మా పీరాంబీ పోయింది.

ఆ రోజు ఆసుపత్రిలో ఇలా జరిగింది. ఐదింటికి లేచింది. ముఖం తుడిచాను. ఆరున్నరకు రెండు చెంచాల టీ తాగింది. చక్కెర తక్కువైందని అంది. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి చూసి, నన్ను వరండాలోకి పిలిచి, ఈ రోజో రేపో అన్నాడు. తొమ్మిదింటికి జడ వేయమంది. జుట్టు పెద్దగా మిగల్లేదు. వేశాను. పదింటికి నర్సు వచ్చి వెళ్లింది. రెండున్నరకు పోయింది. అల్లా పేరు తలిచే కలిమా చదువుతూ ప్రశాంతంగా పోయింది. చీకటి పడకముందే ఖబరస్తాన్‌కు తీసుకెళ్లాం.

జబ్బు క్లోమంలో గడ్డ. మార్చిలో తెలిసింది. మీకు చెప్పొద్దంది. "సారుకి తెలిస్తే మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చి నా కేస్‌షీటు మొదటి పేజీ నుంచి చదువుతాడు. నాకు సిగ్గు" అంది. మీకు చెవులు పూర్తిగా పోయాయని మీ పాత కాంపౌండర్ ఎలీషా చెప్పాడు. ఫోన్ పనికిరాదు. ఉత్తరానికి చెయ్యి రాలేదు. మొన్న నలభయ్యో రోజు ఫాతేహా అయింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఒక సందేహం. రిటైరయ్యాక ఆమె నర్సింగ్ చదివే పిల్లల కోసం ఒక నోట్‌బుక్ రాస్తుండేది. ఆపరేషన్ థియేటర్ మాటలకు తెలుగులో అర్థాలు. 'అనస్తీషియా' దగ్గర 'అంటే' అని రాసి వదిలేసింది. ఆ మాట ఎక్కడిది? అసలు అర్థమేమిటి? మత్తిచ్చాక మనిషికి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? వీలున్నప్పుడు రాయండి.

ఖాజా మొహిద్దీన్


మాచర్ల,
23 ఆగస్టు.

ఖాజా గారికి,
నెహెమ్యా వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా ఆవిడ పక్కనే నిలబడి ఏందని సైగ చేస్తే కాగితం ఆమె చేతిలో పెట్టి బయటికి వెళ్లాను. ఇరవై ఆరేళ్లు నా కుడిచేతి పక్కన నిలబడిన మనిషి. మాచర్ల నుంచి వచ్చి కేస్‌షీటు చదివేవాణ్నే. ఆమె నన్ను సరిగ్గానే కొలిచింది.

మీరడిగినది చెప్తాను. నాకు అదొక్కటే వచ్చు.

మాట గ్రీకుది. 'ఈస్తీసిస్' అంటే తెలియడం, స్పర్శ, అనుభూతి. ముందున్న 'అన్' అంటే లేకపోవడం. మనకు అనాది, అనర్థం ఉన్నట్టే. గ్రీకుకూ సంస్కృతానికీ ఎక్కడో చుట్టరికం ఉందిలెండి. 1846లో అమెరికాలో ఒక పళ్ల డాక్టరు ఈథర్ పీల్పిస్తే, కత్తి పెట్టినా రోగి కదల్లేదు. ఆ స్థితిని ఏమనాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు మరో డాక్టరు ఆయనకు ఉత్తరం రాసి, ఈ పేరు బాగుంటుందన్నాడు. మాట పాతదే, ఈ పనికి అతికింది మాత్రం ఆ ఉత్తరంతోనే అంటారు. చూశారా, మా మత్తు డాక్టర్ల వృత్తికి పేరు కూడా పోస్టులోనే వచ్చింది.

ఇంకో మాట ఉంది. 'అనాల్జీసియా'. 'ఆల్గోస్' అంటే నొప్పి. అది లేకపోవడం. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో మనిషికి ఏదీ తెలియదు. రెండోదాంట్లో నొప్పి మాత్రమే తగ్గుతుంది. మనిషి కాస్త మగతగా ఉన్నా కళ్లు తెరుస్తాడు, పిలిస్తే పలుకుతాడు. మన పల్నాట్లో రెండింటినీ కలిపి మత్తు అనేస్తారు. పీరాంబీ ప్రతి రోగి ఇంటివాళ్లకూ ఈ తేడా చెప్పేది. నాకంత ఓపిక ఉండేది కాదు.

రోగిని అంకెలు లెక్కపెట్టమనే పద్ధతి కూడా ఆమే మానిపించింది. గుర్తుందా? మాస్క్ పెట్టి నేను ఒకటి, రెండు చెప్పమంటే పల్లె నుంచి వచ్చినవాళ్లు భయపడి బిగుసుకుపోయేవాళ్లు. ఆమె వంగి "ఏం పెద్దాయనా, ఈ యేడు ఏమేశావ్? మిరపా? నారు పోసిన కాడ్నుంచి చెప్పు" అనేది. అతను నారుమడి, దుక్కి, నాటు అంటూ మొదలెట్టేవాడు. నేను ఈథర్ చుక్కలు వేసేవాణ్ని. పత్తి రైతులు రెండో కలుపు దగ్గర పడిపోయేవారు. నకరికల్లు నుంచి వచ్చిన ఒకామె ఉందండీ, కోతలయ్యి, కల్లాల్లో ఆరబోసి, కమీషన్ కొట్టువాడితో పోట్లాడేదాకా నిద్రపోలేదు. "సార్, ఈమెకి ఇంకో ఎకరం మందు కావాలి" అంది పీరాంబీ. సర్జన్ నవ్వుతుంటే మాస్క్ జారింది.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నలభై ఏళ్లు ఐదేసి నిమిషాలకోసారి నాడి, బీపీ చార్టులో రాసినవాణ్ని. మీరు ఐదింటి నుంచి పదింటి దాకా అన్నీ రాశారు. టీలో చక్కెరతో సహా. పది నుంచి రెండున్నర దాకా ఏమీ లేదు. పదింటికి వచ్చిన నర్సు ఏం ఇచ్చింది?

నెహెమ్యా


నరసరావుపేట,
4 సెప్టెంబర్.

నెహెమ్యా గారికి,

మాట అర్థం రాసినందుకు కృతజ్ఞతలు. నోట్‌బుక్‌లో ఎక్కించాను.

నకరికల్లు ఆమె సంగతి పీరాంబీ ఇంటికొచ్చి చెప్పింది. ఆ రోజుల్లో ఆమె జుట్టులో ఈథర్ వాసన ఉండేది. తలంటుకున్నా రెండు రోజులు పోయేది కాదు. పక్కింటివాళ్లు ఆసుపత్రి వాసన అనేవారు. నాకు అలవాటైంది. తర్వాత ఈథర్ మానేసి కొత్త మందులొచ్చాయి. ఆ వాసన ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మీకు గుర్తుందో లేదో, నేనూ మీ దగ్గర పడుకున్నవాణ్నే. 1986. అపెండిక్స్. గురజాలలో గొలుసు పట్టి పొలాలు కొలుస్తూ పడిపోతే జీపులో తెచ్చారు. ఆమె "ఏం పని చేస్తారు?" అంది. సర్వేయర్ని అన్నాను. "అయితే పొలం ఎట్టా కొలుస్తారో మొదట్నుంచి చెప్పండి" అంది. హద్దురాయి వెతికి, జెండా పాతి, గొలుసు పరిచేదాకా చెప్పాను. అక్కడ ఆగిపోయాను. ఐదో రోజు కుట్లు విప్పేటప్పుడు "ఏందండీ, పొలం సగంలో ఒదిలేశారు. అవతలి గట్టు సంగతేంది?" అంది. చెప్పడానికి ఆదివారం వస్తానన్నాను. నాలుగు ఆదివారాలు వచ్చాను. "ఎకరం పొలానికి ఇన్ని వారాలా? గవర్నమెంటు ఉద్యోగం ఊరికే అనరు" అన్నారు మీరు. మా పెళ్లికి పెద్దవాళ్లకు నచ్చజెప్పిందీ మీరే.

మాకు పిల్లలు లేరు. ఇప్పుడు నాకున్నది పీరాంబీ అక్క మస్తాన్‌బీ ఒక్కతే. పిడుగురాళ్లలో ఉంటుంది. రోజూ ఏడింటికి ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతుంది. గొంతు అచ్చం చెల్లెలిదే. మొదటి రెండు మాటలు వినేదాకా తేడా తెలియదు. ఆమె భర్త నాగూర్ వలికి ఊపిరితిత్తుల్లో జబ్బు. ఎముకలకు పాకింది. సున్నపు బట్టీల దగ్గర లారీలు బాగుచేసేవాడు. ఆమె అతన్ని చూసుకుంటూ నన్నూ అడుగుతుంది.

నర్సు సంగతి అడిగారు. నర్సు వచ్చింది. వెళ్లింది.

ఖాజా మొహిద్దీన్


మాచర్ల,
15 సెప్టెంబర్.

ఖాజా గారికి,

సరే. అడగను. నా సంగతి ఒకటి చెప్తాను. ఇది మా ఆవిడకు కూడా తెలియదు.

1994 అనుకుంటాను. గురజాల వైపు నుంచి కాన్పు కేసు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్. కండరాలు కదలకుండా ఒక మందు ఇస్తాం, తెలివి లేకుండా గ్యాస్ ఇస్తాం. ఆ రోజు సిలిండర్ అడుగంటింది. నేను చూసుకోలేదు. మొదటి మందు పనిచేస్తోంది. రెండోది చాలడం లేదు. అంటే ఆమె కదల్లేదు, అరవలేదు, కానీ తెలుస్తోంది. అందరం బిడ్డ ఏడుపు విని సంతోషంగా ఉన్నాం. పీరాంబీ ఒక్కతే ఆమె ముఖం చూస్తోంది. "సార్, కన్నీళ్లు" అంది. మూసిన రెప్పల కింద నుంచి చెవుల్లోకి కారుతున్నాయి. సిలిండర్ మార్చాం. ఆరేడు నిమిషాలై ఉంటుంది.

బిడ్డ, తల్లి క్షేమం. నేను చార్టులో ఏమీ రాయలేదు.

మర్నాడు ఆ తల్లి, కత్తి తెలిసిందని, మాటలు వినపడ్డాయని చెప్తోంది. వాళ్లమ్మ "మత్తులో కలలొస్తయ్యే, ఊరుకో" అంటోంది. నేనూ తలూపి వచ్చేశాను. పీరాంబీ నా గది తలుపు మూసి నిలబడింది. అంతకుముందెప్పుడూ నాతో గొంతు పెంచలేదు. "పోయి చెప్పండి సార్. చెప్పకపోతే తనకి పిచ్చి పట్టిందనుకుంటది. బతికినంత కాలం అనుకుంటది" అంది. నా ప్రాక్టీసు పోతుందన్నాను. "పోతే పోద్ది. ఆమెకి రాత్రి నిద్ర లేదు" అంది.

వెళ్లి చెప్పాను. ఆమె నావైపు తిరిగి "అయితే నిజమేనా అయ్యా?" అంది. నిజమేనమ్మా, తప్పు నాదే అన్నాను. వాళ్లమ్మ మాత్రం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "గొడ్డుక్కూడా అట్టా చెయ్యరు గదయ్యా" అంది. నిలబడి విన్నాను. ఆ కూతురు గోడవైపు తిరిగి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. సాయంత్రం దాకా లేవలేదని పీరాంబీ వచ్చి చెప్పింది.

ఇది ఎందుకు రాశానో మీకు తెలుసు.

నెహెమ్యా


నరసరావుపేట,
29 సెప్టెంబర్.

నెహెమ్యా గారికి,

పది నుంచి రెండున్నర దాకా రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

తొమ్మిదిన్నరకు మస్తాన్‌బీకి ఫోన్ చేశాను. ఈ రోజో రేపో అన్నారని చెప్పాను. నాగూర్ వలిని వదిలి రాలేనని ఏడ్చింది. తర్వాత అంది: "మొహిద్దీనూ, ఒక్కటి విను. వాళ్లు మత్తు సూది ఏస్తామంటారు. ఎయ్యనియ్యమాక. మత్తులో పోతే నోటెంట కలిమా ఎట్టా వస్తది? మా అమ్మ కలిమాతో పోయింది. నా చెల్లెలు గూడా అట్టనే పోవాల. ఒక్క పూట ఓర్చుకోమను."

పదింటికి నర్సు ట్రే తీసుకుని వచ్చింది. గుమ్మం దగ్గరే ఆపాను. "ఒక గంట ఆగమ్మా" అన్నాను. "నొప్పిగా ఉందంట గదా సార్" అంది. ఆగమన్నాను. "సరే, పిలవండి" అని వెళ్లింది.

పీరాంబీ చూసింది. "ఏందయ్యా, ఆ పిల్లని పంపించావ్?" అంది. కలిమా చదువు, తర్వాత ఇప్పిస్తానన్నాను. మొదలుపెట్టింది. నొప్పి వచ్చి మధ్యలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది. ఆమె పక్కనే కూర్చుని నేను చదివాను. పదకొండున్నరకు "నేను నర్సుని. నాకు తెలుసు. అది ఇస్తే చదవగలను. పిలువు" అంది. నేను నమ్మలేదు. నొప్పి వల్ల అలా అంటోందనుకున్నాను. పన్నెండింటికి నర్సు మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగమన్నాను. అప్పుడు పీరాంబీ నావైపు చూడటం మానేసింది. నా చెయ్యి వదిలి మంచం కమ్మీ పట్టుకుంది.

ఒంటిగంటన్నర దాటాక మాట దాదాపు ఆగిపోయింది. మూలుగు ఉంది. రెండింటికి "ఆ పిల్లని పిలువు" అంది. అంతే. అదే ఆఖరి మాట. పరుగెత్తాను. నర్సు కింది అంతస్తులో ఉంది. తీసుకొచ్చేసరికి మందు ఇచ్చి ప్రయోజనం లేదంది. రెండున్నరకు పోయింది. కలిమా పూర్తి కాలేదు.

మస్తాన్‌బీ ఫోన్ చేసి మొదట అడిగింది అదే. చదివిందన్నాను. అల్లా దయ అని ఏడ్చింది. ఆ తర్వాత నలభయ్యో రోజున అందరి ముందూ చెప్పింది, నా చెల్లెలు సూది లేకుండా కలిమాతో పోయిందని. నేను తల వంచుకుని కూర్చున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మొన్న శుక్రవారం పేష్ ఇమాం సాబ్‌ను అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. "నొప్పికి మందు తీసుకోవద్దని ఎవరు చెప్పారండీ? ఆమె చదవలేకపోతే పక్కన మీరు చదవాలి. అందుకే గదా మనుషులు పక్కన ఉండేది" అన్నారు.

మీరు రాసిన రెండో మాట, ఆ అనాల్జీసియా, చదివిన రోజు నుంచి ఒకటే ప్రశ్న. ఆ సూది వేసి ఉంటే ఆమె నాతో మాట్లాడేదా? ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఖాజా మొహిద్దీన్


మాచర్ల,
7 అక్టోబర్.

ఖాజా గారికి,

నేను ఆ గదిలో లేను. ట్రేలో ఏ మందు, ఎంత మోతాదు ఉందో చూడలేదు. ఆ స్థితిలో మామూలుగా ఇచ్చేది నొప్పి మందే. దాంతో మగత ఉంటుంది. పూర్తిగా తెలివి తప్పేది కాదు. మాట్లాడేదా అంటే, పొద్దున్న జడ వేయించుకున్న మనిషి మాట్లాడేదనే నా నమ్మకం. కలిమా చదివేది. మిమ్మల్ని తిట్టి కూడా ఉండేది, టీలో చక్కెర వేయనందుకు.

కాదని రాస్తే మీకు కాస్త తేలిక. మీరు ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

ఇంకొకటి. మీరు ఆమె బాధ చూడాలని ఆపలేదు. ఆమె మంచిగా పోవాలని ఆపారు. ఇది మీ తప్పును తగ్గించదు. తప్పు ఏమిటో సరిగ్గా చెప్తుంది, అంతే. ఇరవై ఆరేళ్లు మత్తుకూ నొప్పి మందుకూ తేడా ఊరందరికీ చెప్పిన మనిషి ఇంట్లో చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. నేనూ మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మొన్న మా ఆవిణ్ని కూర్చోబెట్టి చెప్పాను. చెవిటివాడు పాఠం చెప్తున్నాడని నవ్వింది, కానీ విన్నది.

రెండో ఉత్తరంలో మీ తోడల్లుడి సంగతి రాశారు. ఎముకలకు పాకిందన్నారు. ఆ నొప్పి ఎలాంటిదో నాకు తెలుసు. అతనికి మందు ఎవరు ఇస్తున్నారు? కనుక్కోండి.

నెహెమ్యా


నరసరావుపేట,
18 అక్టోబర్.

నెహెమ్యా గారికి,

మీ ఉత్తరం అందింది. రాసినందుకు సలాం. వారం రోజులు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను.

నిన్న ఏడింటికి మస్తాన్‌బీ ఫోన్ చేసినప్పుడు కనుక్కున్నాను. మామూలుగా నేను అడిగేది ఉండదు, ఆమె అడుగుతుంది, నేను చెప్తాను. నిన్న నేను అడిగాను. జరిగిన మాటలు రాస్తున్నాను.

"బావకి నొప్పి ఎట్టుంది వదినా?"

"ఎట్టుంటది? పక్కమీద వాల్చనియ్యడు. రాత్రంతా గోడకానుకుని కూర్చుంటాడు. లారీ కింద పదేళ్లు పడుకున్నోడు, ఇప్పుడు పరుపు మీద పడుకోలేకపోతున్నాడు."

"మందు ఇచ్చారా?"

"గుంటూరు పెద్దాసుపత్రోళ్లు మాత్రలిచ్చారు. మత్తు మాత్రలంట. బీరువాలో పెట్టి తాళమేశా. అడుగుతానే ఉన్నాడనుకో. నేనేమన్నానంటే, నా చెల్లెలు ఆడమనిషి, ఒక్క సూది లేకుండా నవ్వుకుంటా పోయింది, మగోడివి నువ్వు ఓర్చుకోలేవా అన్నా. అప్పట్నుంచి అడగటం మానేశాడు."

నవ్వుకుంటా అని నేనెప్పుడూ చెప్పలేదు. అది ఆమె కలుపుకుంది. కలుపుకోవడానికి మొదటి మాట నేనిచ్చాను.

ఫోన్‌లోనే చెప్దామని నోరు తెరిచాను. అప్పుడే వెనక నుంచి నాగూర్ వలి మూలుగు వినపడింది. ఆ మూలుగు నాకు తెలుసు. "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను.

తినలేదు. మీ ఒక్కరికే నిజం చెప్తున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

నాకున్న భయం కూడా రాయాలి. చెప్తే ఆమె రెండు సంగతులు ఒకేసారి తెలుసుకుంటుంది. చెల్లెలు నాలుగున్నర గంటలు బాధపడి పోయిందని, ఆపమన్న మాట తనదేనని. ఆపిన చెయ్యి నాదని ఆమెకు గట్టిగా చెప్తాను. అయినా ఆ మాట ఆమెను వదలదు. ఆ తర్వాత ఏడింటికి ఫోన్ రాదు. పీరాంబీ గొంతు ఈ లోకంలో నాకు వినపడేది ఆ ఐదు నిమిషాలే. ఈ మూడున్నర నెలలుగా నేను నోరు మెదపకపోవడానికి కారణం మర్యాదా కాదు, ఆమె మీద జాలీ కాదు. ఇదే.

దీనికోసం అవతల ఒక మనిషి గోడకానుకుని కూర్చుంటున్నాడు.

రేపు పొద్దున్న ఐదున్నరకు లేస్తాను. ఆరుంబావు బస్సుకు పిడుగురాళ్ల వెళ్తాను. మస్తాన్‌బీని వంటింట్లోకి పిలిచి, పది నుంచి రెండున్నర దాకా మీకు రాసినట్టే, ఏమీ వదలకుండా చెప్తాను. తిడితే నిలబడి వింటాను. బయటికి పొమ్మంటే గుమ్మం అవతల కూర్చుంటాను. బీరువా తాళం తీసి అతనికి మాత్ర ఇచ్చేదాకా అక్కణ్నుంచి కదలను.

ఖాజా మొహిద్దీన్